మా ఎండాకాలం సాయంత్రాలకు కాస్త చోటివ్వండి

తిరుపతి నగరాన్ని నడిపే అధికారులకు, ప్రజాప్రతినిధులకు నమస్కారాలు.

నేను గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పక్క వీధిలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళయ్యాక వీధి మారింది గానీ ఊరు మారలేదు. ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెప్తాను. ఏప్రిల్ నెలాఖరులో బడికి సెలవులివ్వగానే మా ఇంట్లో జనం పెరుగుతారు. చిత్తూరు నుంచి అక్క పిల్లలు, చెన్నై నుంచి చిన్నాయన మనవరాళ్ళు దిగుతారు. వాళ్ళందరినీ వెంటేసుకుని శని, ఆదివారాల్లో పొద్దు వాలాక ఊరంతా తిరగడం మాకు ఏళ్ళ నాటి అలవాటు. ఈ ఉత్తరం ఆ సాయంత్రాల గురించే రాస్తున్నాను.

మే నెలలో మన ఊరి ఎండ మీకు కొత్త కాదు. నలభై డిగ్రీలు దాటిన రోజున మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనపడదు. శేషాచలం బండలు పగలంతా తాగిన ఎండను రాత్రి ఎనిమిది దాకా మన మీదికి కక్కుతూనే ఉంటాయి. కపిలతీర్థంలో జలపాతం ఉండే చోట తడి మచ్చ తప్ప ఏమీ మిగలదు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ మూడు నెలలూ ఊరు బతికేది సాయంత్రం అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా. ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేదీ తినేదీ దేవుణ్ణి చూసేదీ ఆ ఆరు గంటల్లోనే. శని, ఆదివారాల్లో కొండకు వచ్చే యాత్రికులు కూడా ఎక్కువ కాబట్టి ఆ ఆరు గంటల్లో రోడ్డు మీద మాకు కాలు పెట్టడానికి చోటుండదు.

తిరుపతి తిండి అంటే బయటివాళ్ళు లడ్డు అంటారు. ఆ లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను కూడా గర్వంగా చెప్పుకుంటాను. కానీ అది కొండ మీది ప్రసాదం. కొండ కింద లక్షలమంది ఉండే ఈ ఊరికి సొంత రుచులున్నాయి, అవి వేసవిలోనే బాగా బయటపడతాయి. ముందు వాటి గురించి చెప్పనివ్వండి. అడగాల్సింది ఆ తర్వాత అడుగుతాను.

శనివారం మా ఇళ్ళలో చాలామంది నీచు ముట్టరు. అందుకని ఆ రోజు మా తిరుగుడు మామిడికాయతో మొదలవుతుంది. పచ్చి తోతాపురిని టెంక దాకా పువ్వులా చీల్చి, మధ్యలో ఉప్పూ కారం దట్టించి చేతిలో పెడతారు. పుల్లగా ఉంటుంది గానీ పళ్ళు జివ్వుమనేంత పులుపు కాదు, ఆ కాయ గొప్పతనమే అది. మన చిత్తూరు వైపు తోటల్లో ఎక్కువగా కాసేది ఇదే, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేదీ ఇదే. పండిన బేనీషా కావాలంటే మాత్రం జేబు చూసుకోవాలి. దామలచెరువు మండీలో ఆ వారం ధర ఎట్లా ఉందో ఇక్కడ బండి మీద పండును అడిగితే తెలిసిపోతుంది.

తర్వాత నన్నారి షర్బత్. గ్లాసులో ఐసు ముక్కలు, నిమ్మరసం, నన్నారి చెట్టు వేర్లను మరిగించి తీసిన ఆ ఎర్రటి పాకం, పైన సోడా. చెన్నై పిల్లలకు మొదటిసారి ఆ వాసన నచ్చలేదు. రెండో వారానికి వాళ్ళే ముందు నడిచి బండి దగ్గర నిలబడ్డారు.

అక్కడి నుంచి గుంతపొంగణాల బండికి పోతాము. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్న దృశ్యం ఇది: గుంతల పెనం, ప్రతి గుంతలో చుక్క నూనె, పిండి పడగానే చుయ్యిమనే చప్పుడు, సన్నటి కడ్డీతో ఒక్కొక్కదాన్నీ బోర్లా తిప్పే చేయి. మేము పోయే బండి ఒక అక్కది. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆమె చేత్తో తింటున్నాను. నన్ను ఇప్పటికీ "పాపా" అనే పిలుస్తుంది, నా తలలో తెల్లవెంట్రుకలు ఆమెకు కనపడవు. ఆమె పక్కనే ఎర్రకారం దోసె. ఎండుమిరపకాయలూ ఎర్రగడ్డలూ తెల్లగడ్డలూ కలిపి రుబ్బిన కారం దోసె నిండా పూసి, మీద పప్పుల పొడి చల్లి మడుస్తారు. ఎండాకాలంలో ఇంత కారమేమిటని మా చిన్నాయన మనవరాలు అడిగింది. చెమట పట్టాక గాలి తగిలితే ఎట్లుంటుందో చూడు అన్నాను. చూసి ఇంకో దోసె అడిగింది.

ఆదివారం పొద్దున తాటిముంజలు, కళింగర కాయలు (పుచ్చకాయలు). మధ్యాహ్నం ఇల్లు కదలం. నూకలు ఉడికాక పైన రాగిపిండి పోసి, ఆవిరి పట్టేదాకా ముట్టకుండా ఉంచి, అప్పుడు కట్టెతో గెలికి సంగటి ముద్దలు చేస్తుంది మా అమ్మ. దానికి నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయల పచ్చడి, మేము ఊరుబిండి అంటాము. ఈ భోజనం ఇప్పుడు పెద్ద హోటళ్ళలో కూడా దొరుకుతోంది, సంతోషమే. అయినా ఊరుబిండిలో ఎర్రగడ్డ పచ్చిగా పడాలని, మరీ మెత్తగా రుబ్బకూడదని హోటల్ వాళ్ళకు ఎవరైనా చెప్తే బాగుండు.

తిండి గురించి ఇంకా రాయగలను. కానీ మా ఎండాకాలానికి గుండెకాయ తాతయ్యగుంట గంగమ్మ జాతర.

మే నెలలో ఒక మంగళవారం అర్ధరాత్రి చాటింపు పడుతుంది. అమ్మవారి పుట్టిల్లు అవిలాల నుంచి పసుపు కుంకుమలు వస్తాయి. కొండ మీద నుంచి చెల్లెలు గంగమ్మకు అన్న వెంకన్న పంపే సారె వస్తుంది. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని మా అవ్వ చెప్పేది. మా నాయన ఉద్యోగానికి కూడా ఆ వారం సెలవు పెట్టేవాడు. బుధవారం బైరాగి వేషం: ఒంటినిండా తెల్లటి నామంకొమ్ము, మెడలో రెల్లకాయల మాల, నడుముకు వేపాకు. గురువారం బండ వేషం, కుంకుమ పూసుకుంటారు. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి. ఆడవాళ్ళను ఏడిపించిన పాలెగాడి కోసం గంగమ్మ ఆ మూడు రోజులూ ఈ వేషాల్లో ఊరంతా వెతికిందట. శనివారం దొర వేషంలో వచ్చింది. దొరగారు వచ్చారనుకుని వాడు బయటికి వస్తే తల నరికింది. ఆదివారం మాతంగి వేషంలో పోయి వాడి ఇంటి ఆడవాళ్ళను ఓదార్చింది. శత్రువును చంపిన మరునాడే వాడి ఇంటికి పోయి ఓదార్చే దేవత ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు, నాకు మాత్రం ఈ కథలో ఆదివారమే ఇష్టం. సోమవారం సున్నపు కుండలు, మంగళవారం అసలు జాతర, గోపురాల్లా కట్టి మోసే సప్పరాలు. బుధవారం తెల్లవారకముందే మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం నుంచి చెంప తొలగిస్తారు. ఆ మట్టి పిసరంత దొరికినా జనం కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోతారు.

మీరు గమనించారో లేదో, దొర వేషం, మాతంగి వేషం ఎప్పుడూ శని, ఆదివారాల్లోనే వస్తాయి. ఆ రెండు రోజులూ ఒంటికి గంధం పూసుకుని చేతిలో వేపమండలు పట్టుకున్న చిన్న దొరలు, చీర కట్టి పూలు పెట్టుకున్న మగవాళ్ళు ఊరంతా కనిపిస్తారు. మా అక్క కొడుకు ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి తగ్గితే మొక్కుకున్నాము. అప్పటి నుంచీ ఏటా వాడికి వేషం కడుతున్నాము. పోయిన ఏడు తొమ్మిదో తరగతి కదా, ఫ్రెండ్సు ఏమంటారో అని కాస్త ముడుచుకున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి వాడి ఫ్రెండ్సే ముగ్గురు చీరల్లో ఎదురొచ్చారు. ఇక వాడి నడకే మారిపోయింది.

ఆ వారమంతా మా అమ్మ గుమ్మం ముందు అంబలి కుండ పెడుతుంది. రాగిపిండి ముందు రోజే నానబెట్టి కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు వేసి గరిటతో పోస్తుంది. ఎవరొచ్చినా పోస్తుంది, ఏ ఊరని కూడా అడగదు. మా వీధిలో ఇట్లాంటి కుండలు ఏడెనిమిది ఉంటాయి. వీటికి తోడు అంగళ్ళవాళ్ళు పెట్టే చలివేంద్రాలు. ఎండాకాలంలో దప్పిక తీర్చడం ఈ ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

జాతరకు అటూ ఇటుగా గోవిందరాజస్వామి వైశాఖ బ్రహ్మోత్సవాలు. 1130లో రామానుజులవారు స్వామిని ప్రతిష్ఠించారని, ఆ గుడి చుట్టూనే ఈ ఊరు పుట్టిందని పెద్దలు చెప్తారు. తొమ్మిది రోజులు, పొద్దున ఒక వాహనం, రాత్రి ఒక వాహనం. అయిదో నాటి రాత్రి గరుడసేవ, ఎనిమిదో రోజు రథం. కొండ మీద గరుడసేవ చూడాలంటే గంటల తరబడి కూర్చోవాలి. ఇక్కడ మా ఇంటి నుంచి నడిచిపోయి, బొరుగుల పొట్లం కొనుక్కుని, వీధి పక్కన నిలబడి స్వామిని పలకరించి రావచ్చు. వాహనం ముందు కోలాటం ఆడేవాళ్ళు మూలమలుపులో ఊపిరి తీసుకుంటుంటే మజ్జిగ అందించవచ్చు. ఆ వెనకే జ్యేష్ఠంలో తిరుచానూరు పద్మసరోవరంలో తెప్పోత్సవం, అప్పలాయగుంటలో బ్రహ్మోత్సవాలు. సెలవులు అయిపోయేదాకా మాకు వారానికో పండగ.

ఇప్పుడు అడగాల్సిన మాటకు వస్తున్నాను.

మా అమ్మకు డెబ్భై దాటాయి. జాతర మంగళవారం నాడు ఆమె మధ్యాహ్నం నుంచీ నీళ్ళు తాగదు. అంతమందికి అంబలి పోసిన మనిషి, తను ఒక్క గ్లాసు తాగదు. ఎందుకమ్మా అంటే, "ఆ జనంలో యాడికి పోవాల్నే" అంటుంది. రెండేళ్ళ కిందట విశ్వరూప దర్శనానికి నిలబడిన చోటే కళ్ళు తిరిగి కూలబడింది. ఎవరో తెలియని ఆడమనిషి ఒళ్ళో పడుకోబెట్టుకుని నీళ్ళు చల్లింది. ఆ రాత్రి చుట్టూ ఉన్న ఆడవాళ్ళను అడిగి చూశాను. ముప్పై ఏళ్ళ అమ్మాయిలు కూడా అదే పని చేస్తున్నారు, పొద్దుటి నుంచీ నీళ్ళు మానేసి వస్తున్నారు. ఆడదేవత జాతరలో ఆడవాళ్ళు దప్పికతో నిలబడుతున్నారు. అయ్యా, అమ్మా, నేను ఈ ఉత్తరం రాయడానికి మొదటి కారణం ఇదే. జాతర జరిగే వీధుల్లోనూ, గోవిందరాజస్వామి వాహనం తిరిగే వీధుల్లోనూ ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. వాటిలో నీళ్ళు రావాలి, లైటు వెలగాలి, గడియ పడాలి. దూరం నుంచి కనపడేలా బోర్డు ఉండాలి. జాతర రోజులకే కాదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి శని, ఆదివారాలకూ కావాలి.

రెండోది రోడ్డు. ఆ శని, ఆదివారం సాయంత్రాలు గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లోకి, గాంధీ రోడ్డు మీదికి కార్లు, ఆటోలు రాకుండా ఆపండి. ఆ వీధుల్లో కాపురముండేవాళ్ళకు, అంబులెన్సుకు, నడవలేని ముసలివాళ్ళను తెచ్చే బండ్లకు దారి వదలాలి, అది ఎట్లాగూ మీకు తెలుసు. వాహనసేవ రోజున మీరు ఎట్లాగూ ఆపుతారు. అప్పుడు ఊరు ఎట్లా ఊపిరి పీల్చుకుంటుందో నేను చూశాను. చంటిబిడ్డలు తల్లి చెయ్యి వదిలించుకుని పరిగెడతారు. అంగడి మెట్ల మీద ముసలాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. అంగళ్ళవాళ్ళకు వ్యాపారం పడిపోతుందన్న భయం ఉంటుందని తెలుసు. ముందు నాలుగు వారాలు చేసి చూసి, వాళ్ళనే అడగండి.

మూడోది బండ్లు. మా పొంగణాల అక్క నాకు ఒక మాట చెప్పింది: "పాపా, పిండి పులిసేదానికి రాత్రంతా పడుతుంది, తెల్లారితే బండి యాడ పెట్టుకోవాల్నో తెలీదు." 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ఆమె లాంటివాళ్ళ కోసమే. అయిదేళ్ళకు ఒకసారైనా సర్వే చేయాలని, పట్టణ విక్రయ కమిటీలో నలభై శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, అందులో మూడో వంతు ఆడవాళ్ళుండాలని ఆ చట్టంలోనే ఉంది. 2020లో వచ్చిన పథకంలో ఆమెకు పదివేల రుణం దొరికింది, పెనం మార్చుకుంది, కట్టేసింది కూడా. ఆమెకు ఇప్పుడు కావలసింది చోటు. ఎండాకాలం ఫలానా వీధిలో ఫలానా చోట, సాయంత్రం అయిదు నుంచి పదకొండు దాకా ఆమె బండి ఉంటుందని ఒక కాగితం. దాంతోపాటు ఒక కొళాయి, చెత్త వేయడానికి డబ్బా, ఒక లైటు. ఆ కొళాయి ఉంటే ప్లేట్లు ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి తీసే బాధ తప్పుతుంది. శుభ్రత గురించి అడిగే హక్కు అప్పుడు మీకూ వస్తుంది, మాకూ వస్తుంది.

ఇక్కడ ఒక విన్నపం. వేసవి అనగానే మైదానంలో వేదిక కట్టి, టికెట్టు పెట్టి, ఫుడ్ ఫెస్టివల్ జరపాలన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. వద్దు. అట్లాంటి చోట స్టాలు అద్దె కట్టగలిగేది పెద్ద హోటళ్ళే. పొంగణాల అక్క అక్కడికి రాలేదు. వేదిక మీద సౌండు బాక్సులు పెడితే కోలాటం పాట వినపడదు. మన ఊరికి పండగ కొత్తగా పుట్టించాల్సిన అవసరం లేదు, ఉన్నదానికి నీడ, నీళ్ళు, వెలుతురు, చోటు ఇస్తే చాలు. వేదికకు పెట్టే డబ్బును ఆ మరుగుదొడ్లకు పెట్టండి.

చివరగా యాత్రికుల సంగతి. విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్సుల దగ్గర కొండ మీది దర్శనానికి టోకెన్లు తీసుకున్నవాళ్ళకు దర్శనం సమయం ఎప్పుడో ఉంటుంది. అప్పటిదాకా సగం రోజు వాళ్ళు చెట్ల కింద, గోడల నీడలో సంచులు తల కింద పెట్టుకుని పడుకుంటారు. పోయిన ఏడు దొర వేషం రోజున అట్లాంటి ఒక కుటుంబం సేలం నుంచి వచ్చి కనిపించింది. ఇక్కడ చూడ్డానికి ఏముందని తమిళంలో అడిగారు. కిలోమీటరు దూరంలో జాతర జరుగుతోంది, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నేను వెంటబెట్టుకుని పోయాను. అమ్మ అంబలి పోసింది. "మా ఊళ్ళో మారియమ్మకు కూడా కూళు పోస్తాం" అని వాళ్ళ అవ్వ మా అమ్మ చేయి పట్టుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అరగంట మాట్లాడుకున్నారు. పూర్వం కొండెక్కేవాళ్ళు ముందు గంగమ్మను చూసి గానీ పోయేవాళ్ళు కారని అంటారు. ఆ టోకెన్లు ఇచ్చే చోట్ల, బస్టాండులో, రైల్వే స్టేషన్లో ఈ సాయంత్రం ఊళ్ళో ఏ గుడిలో ఏముందో, ఎట్లా నడిచిపోవాలో తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో ఒక బోర్డు రాయించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఈసారి జాతరకు ముందే ఒక శనివారం సాయంత్రం వీలు చేసుకుని రండి. కారు దూరంగా ఆపి, నాతోపాటు గోవిందరాజస్వామి గుడి దగ్గర నుంచి తాతయ్యగుంట దాకా నడవండి. మీతో పనిచేసే ఆడ అధికారులను తప్పకుండా తీసుకురండి. కొళాయి ఎక్కడ కావాలో, లైటు ఎక్కడ లేదో, మా అమ్మ ఆ రాత్రి ఎక్కడ కూలబడిందో చూపిస్తాను. దారిలో పొంగణాలు తిందాం. అక్కకు ముందే చెప్పి పిండి కాస్త ఎక్కువ నానబెట్టిస్తాను.

ఇట్లు,
తాతయ్యగుంట ఆడబిడ్డ